మగ్గానికి కట్టిన నోటు

నేను పాత నోట్లు చూసే పని చేశాను. ఎవరైనా నిజాం కాలపు నోటో, బ్రిటిష్ కాలపు నోటో తెస్తే అది అసలుదా నకిలీదా చెప్పాలి. అసలుదైతే ఎంత చెడకుండా ఉందో చూసి మార్కు వేయాలి. దీన్నే గ్రేడింగ్ అంటారు. మార్కు వేశాక నోటును గట్టి ప్లాస్టిక్ కవరులో పెట్టి సీలు చేసి ఇస్తాం. పాత నోట్లు పోగుచేసేవాళ్లు ఆ మార్కును నమ్ముకునే కొంటారు, అమ్ముకుంటారు.

జగిత్యాలలో డిగ్రీ దాకా కెమిస్ట్రీ చదివి, హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఈ పనికి కుదిరాను. తర్వాత జగిత్యాలకే వచ్చి మా ఇంటి ముందు గదిలో ఒక టేబుల్, ఒక దీపం, ఒక భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. నేనేం చేస్తానో ఎవరికి చెప్పినా "గట్లాంటి నౌకరి గూడ ఉంటదా?" అని నవ్వేవాళ్లు. మా అత్తగారైతే పోయేదాకా మా కోడలు బ్యాంకులో చేస్తదనే చెప్పుకుంది. నేనూ దిద్దలేదు. కంటి ఆపరేషన్ అయ్యాక పని మానేశాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తామని కొందరు పిల్లలు ఫోన్ చేస్తున్నారు. అందరూ ముందు అడిగేది ఏ భూతద్దం కొనాలి, ఏ దీపం కొనాలి అనే. ఏదో ఒకటి కొనుక్కోండి నాయనా, కుతూహలం మాత్రం ఎక్కడా దొరకదు, అది లేకపోతే ఇంకో పని చూసుకోండి అని చెప్తుంటాను. కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

ముందు వీపు చూడు

నాకు పని నేర్పింది ఖాలిద్ సాబ్. కంపెనీ ఆయనదే. తెల్ల గడ్డం, నోట్లో ఎప్పుడూ లవంగం. మొదటి రోజు నా ముందు ఒక నోటు పెట్టి "క్యా హై బేటీ?" అన్నాడు. నేను అటూ ఇటూ తిప్పి, చదువుకున్నదంతా గుర్తు తెచ్చుకుని, "అసలుదే సార్" అన్నాను.

"అది నేను అడగలే. దీనికి ఏమైంది?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన నోటును బోర్లించి నాకు చూపించాడు. మధ్యలో మడత లేదు, అంటే జేబులో తిరిగింది కాదు. పై అంచున తుప్పు మరక ఉంది, ఎవరో క్లిప్పు పెట్టి మరిచిపోయారు. ఒక పక్కన లేత ఎరుపు అంటుకుంది. "ఎర్ర అట్ట పుస్తకంలో పెట్టిండ్రు. వాన నీళ్లు తగిలినయి. అట్ట రంగు దిగింది" అన్నాడు. తర్వాత నోటు తెచ్చినాయనను అడిగితే, వాళ్ల తాత ఎర్ర గుడ్డ అట్ట వేసిన పుస్తకంలో దాచాడని చెప్పాడు. ఆ రోజే ఈ పనికి అతుక్కుపోయాను.

నోటు ముఖం అందరి కోసం అచ్చు వేసింది. దొంగనోటు చేసేవాడు కష్టపడేది కూడా ముఖం మీదే. వీపు మీద మాత్రం ఆ నోటుకు జరిగింది ఉంటుంది. అందుకే ముందు వీపు చూడమనేవాడు ఖాలిద్ సాబ్. ఇంకో అలవాటు కూడా ఆయనదే. నోటు తెచ్చినవాళ్లకు ఏం గుర్తుందో నోటును బోర్లించి పెట్టి అడిగేవాడు. చూస్తూ చెప్తే కళ్లకు కనిపించేదే చెప్తారు, చూడకుండా చెప్తే మనసులో ఉన్నది చెప్తారు అనేవాడు.

ఆయనలో నాకు నచ్చనిదీ ఉంది, అదీ రాయాలి. పెద్ద వ్యాపారి తెచ్చిన నోటుకు ఒక మెట్టు ఎక్కువ వేసేవాడు. నేను వేసిన మార్కును ఒకసారి నాకు చెప్పకుండానే పెంచాడు. ఎందుకని నిలదీస్తే "ధందా కూడా నడవాలె కద బేటీ" అన్నాడు. కొన్నాళ్లు మా ఇద్దరికీ మాటల్లేవు. చాయ్ మాత్రం రోజూ పంపేవాడు. చూడటం ఆయన దగ్గరే నేర్చుకోండి, మార్కు వేయడం మాత్రం వద్దు అని తర్వాత వచ్చిన పిల్లలకు ఆయన ముందే చెప్పేదాన్ని. ఆయన నవ్వేవాడు.

కోరుట్ల నోటు

కోరుట్లలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే అన్వర్ అనే ఆయన ఒకసారి కొత్త రెండు వందల నోటు తెచ్చాడు. నంబరు చివర 786. చాలామందికి అది శుభ సంఖ్య, అలాంటి నోట్లను వెతికి మరీ కొంటారు. దుబాయ్‌లో ఉన్న అక్క ఇల్లు కట్టుకుంటే కానుకగా ఇద్దామని ఫోన్‌లో ఎవరి దగ్గరో కొన్నాడట.

నేను నోటు తీసుకుని భూతద్దం కూడా పెట్టలేదు. "అన్వర్ భాయ్, నీ జేబులో ఉన్న వేరే నోటు తియ్యి" అన్నాను. తీశాడు. "దాని మీద నంబరు చూడు. అంకెలు ఎట్ల ఉన్నయి?"

చాలాసేపు చూశాడు. "ఎడమ దిక్కు చిన్నగున్నయి, కుడి దిక్కు పోంగ పోంగ పెద్దగైతున్నయి మేడం!"

"ఇప్పుడు నీ 786 చూడు. ఎనిమిది ఏడు కంటె పెద్దగుండాలె కద?"

ఆయన నోటులో ఎనిమిది చిన్నగా ముడుచుకుని కూర్చుంది. ఎవరో అక్కడున్న అంకెను గీకేసి ఎనిమిది అచ్చు వేశారు. అన్వర్ బాధపడతాడని నీళ్లు ఇవ్వబోయాను. ఆయన జేబులో ఉన్న నోట్లన్నీ నా టేబుల్ మీద పరిచి, ఒక్కొక్క దాని అంకెలు చూస్తూ "అరే! రోజు గల్లాల ఏసుకుంట తీసుకుంట ఉంటి, ఎన్నడు చూడలె!" అని మురిసిపోతున్నాడు. బయట ఆటోవాడిని లోపలికి పిలిచి మరీ చూపించాడు. మోసపోయిన సంగతి గుమ్మం దాటాక గుర్తొచ్చినట్టుంది, అప్పుడు తిట్లు వినిపించాయి.

ఇలాంటి మనిషి పక్కన కూర్చుంటే పని అలసట తెలియదు.

మన దగ్గర నోట్లకు పట్టే జబ్బులు

పుస్తకాల్లో నోట్ల జబ్బులని రాసేవి వేరే దేశాల జబ్బులు. మన దగ్గరివి మనం చూసి తెలుసుకోవాలి. కొండగట్టు గుడిలో అంజన్న దగ్గర పెట్టి తెచ్చి దాచుకున్న నోటుకు సింధూరం, నూనె కలిసి పడతాయి. దాన్ని తుడవబోతే ఇంకా పాకుతుంది, ముట్టుకోకండి. బ్యాంకు కట్టలకు పిన్నులు కొట్టిన కాలపు నోటుకు ఎడమ పక్క రంధ్రాలుంటాయి, వాటిని చూసి కంగారు పడకండి. మల్లాపూర్ నుంచి ఒక రైతు చిరిగిన నోటుకు తుమ్మబంక పెట్టి అతికించి తెచ్చాడు, సిగ్గుపడుతూ. నేను మెచ్చుకున్నాను. బంక తడిస్తే ఊడి వస్తుంది, టేపు వేస్తే ఆ మరక నోటు ఉన్నంత కాలం ఉంటుంది.

దేవుడి ముందు పెట్టే నోటుకు పసుపు, కుంకుమ పెట్టడం మన ఇళ్లలో ఉన్నదే. సేకరించేవాళ్లు దాన్ని మరక అంటారు, మార్కు తగ్గిస్తారు. నేనూ తగ్గించాను. తగ్గించిన ప్రతిసారీ, ఇది ఎవరి చేతి పసుపో అని ఒక్క క్షణం చూసి తగ్గించాను.

సిరిసిల్ల అన్నదమ్ములు

ఒక ఏడాది దసరా దగ్గర పడుతుండగా సిరిసిల్ల నుంచి ముగ్గురు వచ్చారు. అన్న రాజేశం, తమ్ముడు తిరుపతి, రాజేశం భార్య భాగ్య. మా గదిలో ఉన్నది ఒకటే బెంచీ. అన్నదమ్ములు ఆ చివర ఒకరు ఈ చివర ఒకరు కూర్చున్నారు. భాగ్య మధ్యలో కూర్చుని ఒళ్లో సంచి పట్టుకుంది.

మాట్లాడింది తిరుపతి. వాళ్ల నాన్న చేమగ్గం నేసేవాడు. మొదటిసారి సొంతంగా నేసిన చీరకు నిజాం సర్కారు పది రూపాయల నోటు వచ్చిందట, తెలుగు, ఉర్దూ అక్షరాలన్నీ ఉన్న నోటు. ఆయన దాన్ని ఖర్చు పెట్టలేదు. ప్రతి దసరాకు పసుపు కుంకుమ పెట్టి, నూలు చుట్టిన కండెలా గుండ్రంగా చుట్టి, కొత్త దారంతో మగ్గానికి కట్టేవాడు. పూజ అయ్యాక మళ్లీ పెట్టెలో పెట్టేవాడు. చేమగ్గం పోయి సాంచెలు వచ్చాయి, సిరిసిల్లలో కరెంటు మగ్గాలను అలాగే అంటారు. నోటు సాంచెకు కట్టడం మొదలైంది. ఆయన పోయాక నోటు పెద్దకొడుకు ఇంట్లో ఉంది, సాంచెలు ఇద్దరూ కలిసి నడుపుతూ వచ్చారు.

"పోయిన దసరాకు మా అన్న పెట్టెల నుంచి నోటు తీసిండు మేడం. తెల్లగ, పెళపెళలాడుకుంట ఉన్నది. మా నాయిన నోటు గట్లుండదు. పసుపుతోని పచ్చగుంటది, బట్ట తీరుగ మెత్తగుంటది. నాయిన నోటు అమ్ముకుని గీ దొంగనోటు తెచ్చి కట్టిండు."

"నేను మార్చలె" అన్నాడు రాజేశం.

తిరుపతి ఆ మాట ఇంట్లో అని ఊరుకోలేదు, కుల సంఘంలో నలుగురి ముందు అన్నాడు. ఆ రోజు నుంచి రాజేశం సాంచెల షెడ్డులో అడుగు పెట్టలేదు. ఈ దసరాలోపు తేల్చుకోమని సంఘం పెద్దలు చెప్పారు. మార్చినట్టు తేలితే షెడ్డును పంచుకుని మధ్యలో గోడ కట్టాలి, రాజేశానికి సంఘంలో కూర్చునే చోటు ఉండదు. నా దగ్గర రిపోర్టు రాయించుకు రమ్మన్నారు.

నేను నోటును బోర్లించి పెట్టి, వాళ్ల నాన్న నోటు గురించి ఏం గుర్తుందని తిరుపతిని అడిగాను.

"చిన్నప్పుడు సాంచెకు నూనె పోసుకుంట నోటు మీద గూడ పోసిన మేడం, కింది మూలకు. తంతడనుకున్న. నాయిన ఏమనలె. సాంచెకు దూపైంది తాగింది, నోటుకు గూడ అయింది తియ్యిరా అన్నడు." బోర్లించిన నోటు వైపు వేలు చూపించాడు. "ఆ మరక ఇందుల లేదు. నేను చూడకుంటనే అంటున్ననా?"

అతని దగ్గర ఇంకో సాక్ష్యం కూడా ఉంది. దొంగనోట్లు పట్టే పెన్ను ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాడు. ఆ పెన్నులో ఉండేది అయోడిన్. మామూలు కాగితంలో పిండి పదార్థం ఉంటుంది, అయోడిన్ తగిలితే నల్లబడుతుంది. నోట్ల కాగితంలో అది ఉండదు కాబట్టి నల్లబడదు. ఈ నోటు అంచున తిరుపతి పెట్టిన గీత బొగ్గులా నల్లగా ఉంది. పాత నోటు మీద పెన్ను పెడతావా అని ముందు అతన్ని కోప్పడ్డాను. తర్వాత నాకూ అనుమానం వచ్చింది.

నోటును నీలి దీపం కింద, అంటే అతినీలలోహిత కాంతి కింద పెట్టాను. పాత నోటు ఆ వెలుగులో మసకగా ఉండాలి. ఇది తెల్లటి నీలంగా మెరిసిపోయింది. ఈ కాలపు కాగితమే అలా మెరుస్తుంది. కొత్తగా పనిలో చేరిన వాళ్లెవరైనా ఇక్కడితో నకిలీ అని రాసి లేచేవాళ్లు. భూతద్దంలో అచ్చు చూస్తే మాత్రం ఎక్కడా వంక లేదు. సిరా, సంతకం, సన్నగీతలు, దూది పోగుల కాగితం అన్నీ సరిగ్గా ఉన్నాయి. అచ్చు అసలు నోటంటోంది, కాగితం పైపొర కాదంటోంది. నాకు ఎదురుగా కూర్చున్న మనుషులు మరిచిపోయేంత ఆసక్తి పుట్టింది. అది మంచిది కాదని తెలుసు, కానీ పుట్టింది.

మళ్లీ వీపు చూశాను. పక్క నుంచి వెలుతురు వేస్తే పలచటి పొర ఒకటి మెరిసింది. మడతల దగ్గర ఆ పొర పొట్టులా లేచింది. నోటును వేలితో మీటితే కొత్త చొక్కా కాలరులా టక్కుమంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

గంజి వాసన.

నవ్వు ఆపుకోవడం కష్టమైంది. ఎవరో ఈ నోటును సర్ఫులో ఉతికారు, నీలి మెరుపు దానిది. గంజి పెట్టారు, పెన్ను నల్లబడింది దాని వల్ల. ఆ పైన ఇస్త్రీ కూడా చేశారు. మెత్తబడిన నూలుకు గంజి పెట్టి నిలబెట్టడం తెలిసిన ఇంట్లోనే ఇది జరుగుతుంది. నోటును వెలుతురుకు అడ్డంగా పట్టాను. కింది మూలన కాగితం పలచబడినట్టు ఒక గుండ్రటి మచ్చ. నూనె రంగు పోయింది, చోటు పోలేదు. నీలి దీపం కింద మళ్లీ చూస్తే మడతల లోతుల్లో పసుపు సన్నటి గీతలై వెలిగింది.

తలెత్తాను. తిరుపతి అప్పటికే ఫోన్ మాట్లాడటానికి వాకిట్లోకి వెళ్లాడు. భాగ్య నోటును చూడటం లేదు, తన చేతులు చూసుకుంటోంది. రాజేశం లేచి టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"మేడం, అసలు నోటే అని రాయున్రి. ఉతికిన ముచ్చట రాయకున్రి."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"తెలిసి సంఘంలో ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? గా ఏడాదే బట్టకు ఆర్డర్లు బందైనయ్, సాంచెలు ఆగినయ్. మామ పెట్టిన పసుపు కడిగింది, ఇంటి లచ్చిమిని కడిగింది, గందుకే గిట్లయింది అని నా పెండ్లాన్ని అంటరు. బతికినన్ని రోజులు అంటరు. నన్ను దొంగ అంటే నేను పడ్త. దీన్ని అననియ్య."

"నేను చెప్తనంటే నోరు తెరువనియ్యడు మేడం" అంది భాగ్య.

నేను ఉన్నమాట చెప్పాను. ఉతికిన మాట రాయకపోతే అసలుదన్న మాట నిలవదు. రేపు ఇంకెవరో అదే పెన్ను పెడతారు, మళ్లీ నల్లబడుతుంది. రాజేశం చెయ్యి చాపాడు. "అయితే ఏం రాయకున్రి. నోటు ఇచ్చెయ్యున్రి."

నాకు అతని మీద కోపం వచ్చింది, దుఃఖం కూడా వచ్చింది. ఇన్నేళ్ల పనిలో నోటు అసలుదని తెలిశాక ఆ మాట రాయొద్దని చేయి చాపిన మనిషి ఈయనొక్కడే. నోటు ఇద్దరూ కలిసి తెచ్చారు, ఒకరికి ఇవ్వడానికి లేదు. రాయకుండా ఉంటే ఈ మనిషి దొంగగా మిగిలిపోతాడు. నోటు మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నాను. అప్పుడే తిరుపతి లోపలికి వచ్చాడు.

భాగ్య లేచి నిలబడింది. రాజేశం "ఏయ్" అన్నా ఆగలేదు.

"తిరుపతీ, ఆ నోటు ఉతికింది నేను. మామ పోయినంక పెట్టె తీస్తే చేతులకే పోగులు పోగులై వస్తుండె. పసుపుకు పురుగు పట్టింది. దసరా నాడు మామ నోటు మంచిగుండాలె అనుకున్న. సర్ఫుల జాడిచ్చిన, గంజి పెట్టిన, ఇస్త్రీ చేసిన. మీ అన్న మార్చలె."

"అన్నను కాపాడెతందుకు చెప్తున్నవ్ వదినే" అన్నాడు తిరుపతి. గొంతులో ఇంకా కోపమే ఉంది.

అప్పుడు నేను అతన్ని దగ్గరికి పిలిచి, నోటును వెలుతురుకు పట్టి, కింది మూల చూడమన్నాను. వంగి చూశాడు. నా చేతిలో నుంచి నోటు తీసుకుని మళ్లీ చూశాడు. వేలితో ఆ మచ్చ చుట్టూ తడిమాడు. తర్వాత నోటును వేళ్ల మధ్య, సాంచె మీది బట్టను చూసినట్టే నలిపి చూసి, తల ఎత్తకుండా అన్నాడు.

"గంజి జెర చిక్కగైంది వదినే."

భాగ్య ఏడుస్తూ నవ్వింది. రాజేశం గోడ వైపు తిరిగాడు.

నేను కాగితం తీసుకున్నాను. నోటు అసలుది, ఉతికి గంజి పెట్టి ఇస్త్రీ చేసినది అని రాస్తానన్నాను. మార్కు అన్నిటికంటే కిందిది వస్తుందని, అది మాత్రం నేను పెంచనని కూడా చెప్పాను.

"ఏం రాయకున్రి మేడం" అన్నాడు తిరుపతి.

"సంఘంలో అడుగుతరు కద?" అన్నాను.

"సంఘంల అన్నది నా నోరు. కాయితం పోయి ఎట్ల సర్దుతది? నేనే నిలబడి చెప్త, మా అన్న దొంగ కాదని."

"మరి నోటు ఎవలు ఉతికిన్రు అంటే?" రాజేశం అటు తిరిగే అడిగాడు.

"నేనే ఉతికిన అని చెప్త. తాగిన మీద ఉతికిన, తెల్లారి నాకే యాదికి లేకుండె అంట."

మా పనిలో అబద్ధానికి చోటు లేదని ఎంతమందికి పాఠం చెప్పానో. ఆ రోజు విని, పెన్ను మూత పెట్టాను.

"నిన్ను తాగుబోతోడంటరు తమ్మీ" అన్నాడు రాజేశం.

"అననీ అన్నా. ఏడాది సంది నిన్ను దొంగ అనలేదా?"